గురియు దయయు

పల్నాటియందు బొల్లాపల్లి దాటి నల్లమల వైపు సాగినకొలది పొలములు సన్నగిల్లి అడవి చిక్కనగుచుండును. ఆ ప్రాంతపు చెంచులకు విల్లంబులు తరతరములుగా బ్రతుకుతెరువు. వింటిని ఎడమచేత నిలిపి, నారిని చెవిదాక లాగి, ఊపిరి బిగబట్టి, బాణపు మొనను గురిని ఒక్క రేఖయందు కూర్చి నిలుచున్న బాలుని మనస్సునందు ఆ క్షణమున హింస యున్నదా, లేక ఏకాగ్రత మాత్రమే యున్నదా అనునది విచారింపదగిన ప్రశ్న.

ముండకోపనిషత్తు ప్రణవమును ధనుస్సుగను, ఆత్మను శరముగను, బ్రహ్మమును లక్ష్యముగను చెప్పినది. అయినను ఏకాగ్రత యొక్కటియే ధర్మమని నేనొప్పుకొనజాలను. శబ్దవేధి విద్యలో ఆరితేరిన దశరథుడు, చీకటిలో కుండ మునుగు చప్పుడును ఏనుగు నీరు త్రాగు చప్పుడని భ్రమించి మునికుమారుని కూల్చెను. మృగరూపమున ప్రియతో కూడియున్న కిందమ మునిని పాండురాజు కొట్టెను. ఇరువురి గురియు తప్పలేదు, వివేకము తప్పినది.

అట్లని సాధన నిరర్థకము కాదు. గురి కుదరనివాని బాణము దుప్పి తొడలో నాటుకొన్నచో, అది నెత్తురోడుచు పొదలవెంట పరుగెత్తి గంటలతరబడి విలవిలలాడి చచ్చును. తినుటకై చంపక తప్పని కాలమున, ఒక్క బాణముతో ప్రాణము పోవునట్లు చేయి కుదుర్చుకొనుట వేటగాడు మృగమునకు చూపగలిగిన దయ; సందేహము కలిగినచో నారిని మెల్లగా సడలించుట అంతకు మించిన దయ.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే దుప్పివేట నేడు నేరము, అది న్యాయమే. కాని విల్లు పట్టు విద్య అంతరింపరాదు. చెంచుపిల్లల చేతికి విల్లునిచ్చి, మంచి శిక్షకుని నియమించి, విలువిద్యను క్రీడగా నేర్పుటకు మన పాఠశాలలు పూనుకొనవలెను.