తరిగే రేఖ

సాధన ఎంతవరకు వచ్చిందో తెలిసేదెలా? జపం ఎన్ని లక్షలైంది, ధ్యానంలో ఏం కనిపించింది అంటూ మనం పోగైనదాన్నే లెక్కపెడతాం. ద్రవం ఘనంగా మారే తీరును పరిశీలించే రసాయన శాస్త్రజ్ఞుడు తరిగినదాన్ని లెక్కపెడతాడు.

మిథైల్ మెథాక్రిలేట్ నీళ్లలాంటి ద్రవం. దాని అణువులు గొలుసుకట్టుగా కలిస్తే ప్లెక్సిగ్లాస్ అవుతుంది. కోబాల్ట్-60 గామా కిరణాలు ఆ ద్రవంలో ఎలక్ట్రాన్లను ఊడగొట్టి రాడికల్స్‌ను, అంటే జతలేని ఎలక్ట్రాన్ ఉన్న ముక్కలను, పుట్టిస్తాయి. అవి పక్క అణువులోని ద్విబంధాన్ని విప్పి దాన్ని తమలో కలుపుకుంటూ పోతాయి. అయితే ద్రవంలో కరిగిన ఆక్సిజన్, నిల్వకోసం కలిపిన నిరోధకం మొదట పుట్టిన రాడికల్స్‌ను పట్టేస్తాయి. కిరణం పడుతూనే ఉంటుంది, ద్రవంలో చలనం కనబడదు. తొలినాళ్ల జపమంతా ఏమైపోయిందని దిగులుపడేవారు ఇది గమనించాలి. అది అడ్డు తీయడానికి ఖర్చయింది.

అడ్డు తొలగాక గొలుసు సాగే మార్పును చూపేది పరారుణ కాంతి. కోబాల్ట్ గామా కిరణాల శక్తి 11.7 లక్షలు, 13.3 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. ద్విబంధాన్ని పట్టిచ్చే పరారుణ కాంతి శక్తి 0.2 ఎలక్ట్రాన్ వోల్టు మాత్రమే. అది బంధాన్ని తెంచలేదు, కూర్చలేదు, ఉన్నదాన్ని చూపుతుంది. మార్చే తపస్సు వేరు, చూసే సాక్షి వేరు. వర్ణపటంలో సెంటీమీటరుకు 1640 తరంగాల దగ్గర ద్విబంధపు రేఖ ఉంటుంది. 1720 పైచిలుకు దగ్గర, పెద్దగా మారని కార్బొనిల్ (కార్బన్-ఆక్సిజన్ బంధం) రేఖను ఆధారంగా పెట్టుకుని, మొదటి రేఖ ఎంత తరిగిందో చూస్తారు. అది తరిగిన మేరకే గొలుసు సాగినట్టు.

పతంజలి కూడా క్లేశాలకు, అంటే మనసును బాధించే దోషాలకు, ప్రసుప్తం, తనువు, విచ్ఛిన్నం, ఉదారం అని నాలుగు స్థితులు చెప్పాడు. సన్నబడటం అందులో ఒకటి, నిద్రపోవడం మరొకటి. గట్టిపడ్డ ప్లెక్సిగ్లాస్ చేతికి గాజులాగే తగులుతుంది. వర్ణపటంలో మాత్రం ద్విబంధపు రేఖ కొంత మిగిలే ఉండవచ్చు. ఘనంలో అణువులు కదలలేక కొన్ని రాడికల్స్ బతికుండగానే చిక్కుకుపోతాయి. వేడి తగిలితే మళ్లీ కదులుతాయి. కాషాయం కట్టిన ఏళ్లకు అణిగి ఉన్న కోపం ఒక్క అవమానంతో లేచేది ఇందుకే. గట్టిపడటం వేరు, తీరిపోవడం వేరు.

ఇక ఆధారంగా పెట్టుకున్న కార్బొనిల్ రేఖ కూడా పూర్తిగా నిశ్చలం కాదు. పక్కనున్న ద్విబంధంతో ఎలక్ట్రాన్ల పొత్తు పోగానే అది కొన్ని అంకెలు పైకి జరుగుతుంది. మన బుద్ధి అలాంటిదే. కామక్రోధాలను కొలవడానికి దానికంటే దగ్గరి ఆధారం మనకు లేదు. కానీ వాటితో పొత్తు ఉన్నంతకాలం అదీ వాటి వైపు కొంత ఒరిగే ఉంటుంది, పొత్తు తెగినప్పుడు తానూ మారుతుంది. రెండు రేఖలూ కనబడేది ఒకే కాంతిలో. ఆ కాంతికి వర్ణపటంలో తనదంటూ రేఖ లేదు. కోపం తగ్గిందా లేదా అని బుద్ధితో రోజూ చూసుకోవలసిందే. అలా చూసుకునే బుద్ధినే సాక్షి అనుకుంటే, కోపం పోయిన చోట ‘నాకు కోపం పోయింది’ అనే అహంకారం కూర్చుంటుంది.