నాలుగో మంచం

‘ఆలిస్ ఇన్ బార్డర్‌ల్యాండ్’ (2020) మొదటి సీజన్‌లో హార్ట్స్ ఏడు ఆట చాలామందికి గుర్తుండే ఉంటుంది. నలుగురు మనుషులు, మెడలకు పేలే పట్టీలు. ఒకరు తోడేలు, ముగ్గురు గొర్రెలు. తోడేలు ఎవరి కళ్లలోకి చూస్తే ఇక వాళ్లే తోడేలు. టైమ్ అయ్యేసరికి తోడేలుగా ఉన్నవాళ్లే బతుకుతారు. మొదట కొట్టుకున్నారు. తర్వాత కరుబె, చోటా మనసు మార్చుకుని, అరిసు బతకాలని అతనికి కనబడకుండా దాక్కున్నారు. అక్కడ అందరం ఏడ్చాం. స్నేహం గెలిచిందనుకున్నాం.

మరి షిబుకి? ఆమె ఆ ముగ్గురికీ పాత స్నేహితురాలేం కాదు, మొదటి ఆటలో కలిసిన మనిషి. ఆమెకి బతకాలని ఉంది. చోటా ఆమెను కదలనివ్వకుండా పట్టుకున్నాడు. త్యాగం చేసింది ఇద్దరు, చచ్చిపోయింది ముగ్గురు.

ఈ లెక్క అమీర్‌పేట హాస్టళ్లలో ఉన్నవాళ్లకి కొత్త కాదు. మైత్రీవనం దగ్గర ఫోర్ షేరింగ్ గది. ముగ్గురిదీ ఒకే ఊరు, ఒకే కాలేజీ. నాలుగో మంచం ఖాళీగా ఉందని ఓనరు ఇంకొకణ్ని తెచ్చిపెట్టాడు. అతనిదీ అదే జావా బ్యాచ్, అదే కర్రీ పాయింట్ సాంబారు. పంజాగుట్టలో వాకిన్ ఉందని మెసేజ్ వస్తుంది. మెట్రోలో ఒక్క స్టేషన్. ముగ్గురూ ఇస్త్రీ చొక్కాలేసుకుని వెళ్లొస్తారు. “నువ్వు అడిగితే చెప్పేవాళ్లం కదరా” అంటారు సాయంత్రం. తెలియని దాన్ని ఎలా అడుగుతాడు?

ఇలాంటి ఆటలు మనిషి అసలు రంగు బయటపెడతాయంటారు. నాకు నమ్మకం లేదు. ‘స్క్విడ్ గేమ్’ గోళీలాటలో జోడీలు కట్టాకే చెప్పారు, మీ జోడీనే మీ ప్రత్యర్థి అని. అక్కడ బయటపడింది రూలు రాసినవాడి రంగు. కానీ మన గదిలో ఎవరి మెడకీ పట్టీ లేదు. నాలుగోవాడికి మెసేజ్ పంపితే పోటీలో ఇంకొక్కడు పెరుగుతాడు, అంతే. అందుకే రూలు మీదకి నెట్టే వీలు ఇక్కడ తక్కువ.

స్నేహమంటేనే పక్షపాతం కదా, అందర్నీ సమానంగా చూస్తే ఇక దోస్తెవడు అనొచ్చు. నిజమే. నా కంచంలో అన్నం నా దోస్తుకి పెట్టడం నా ఇష్టం. పక్కవాడి కంచం లాగి పెట్టడం వేరు. చోటా ఆ రోజు రెండూ చేశాడు. మనం మొదటిది మాత్రమే చూసి ఏడ్చాం.