క్రెడిట్ కార్డు పాయింట్లు ఎవరి జేబులోనివి?

రంజాన్ సెలవులకు బెంగుళూరు నుండి మార్కాపురం వచ్చిన ఒక యువకుడు జుమా నమాజు తర్వాత మమ్మల్ని కలిశాడు. "హజరత్, రెండేళ్ళుగా క్రెడిట్ కార్డు వాడుతున్నాను. గడువుకు ముందే మొత్తం బాకీ కట్టేస్తాను. ఇంతవరకు ఒక్క రూపాయి వడ్డీ కట్టలేదు. పైగా వచ్చిన పాయింట్లతో అమ్మీకి మిక్సీ కొన్నాను. ఇందులో తప్పేముంది?" అని అడిగాడు.

అతను నిజాయితీగా అడిగాడు. కనుక తొందరపడి జవాబు చెప్పరాదు.

ఈ ప్రశ్న ఇప్పుడు పెద్ద నగరాలకే పరిమితం కాదు. 2022 సెప్టెంబరులో రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపే సదుపాయం వచ్చింది. నాటి నుండి గిద్దలూరు కిరాణా కొట్లో కూడా అప్పు సొమ్ముతో ఉప్పు, పప్పు కొనవచ్చు. సొంత డబ్బు ఇస్తున్నామో, అప్పు చేస్తున్నామో చేతికి తెలియకుండా పోయింది.

మూడున్నర రూపాయల వడ్డీ

క్రెడిట్ కార్డు అంటే అప్పే. గడువులోపు మొత్తం కడితే వడ్డీ ఉండదు. లేకుంటే చాలా కార్డులపై నెలకు నూటికి మూడున్నర రూపాయల దాకా పడుతుంది. ఏడాదికి నూటికి 42 అన్నమాట. మన ప్రాంతంలో మూడు రూపాయల వడ్డీ అంటేనే మనుషులు జంకుతారు. అలాంటివారు కూడా కార్డు కాగితంపై సంతకం చేసేటప్పుడు జంకడం లేదు.

ఒక లెక్క చూద్దాం. 50,000 రూపాయల ఖర్చుకు నూటికి ఒకటి చొప్పున పాయింట్లు వస్తే 500 రూపాయలు. బిల్లు వచ్చాక 'కనీస మొత్తం' అని 2,500 మాత్రమే కడితే, మిగిలిన 47,500పై ఒక్క నెల వడ్డీ 1,662 రూపాయలు దాటుతుంది. దానిపై 18 శాతం జీఎస్టీ కలిస్తే దాదాపు 1,960. ఐదు వందల ఆశ ఎక్కడికి తీసుకుపోయిందో చూడండి!

30 శాతానికి మించి కార్డు వడ్డీ వసూలు చేయరాదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది. ఆ అడ్డుకట్ట కూడా తొలగిపోయింది.

ఉలమా ఏమన్నారు?

అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 2000 సెప్టెంబరులో రియాద్‌లో సమావేశమై ఈ విషయం చర్చించింది. ఒప్పందంలో వడ్డీ షరతు ఉన్న కార్డును, గడువులోపే కట్టేస్తాననే ఉద్దేశం ఉన్నా సరే, తీసుకోవడం ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. ఎందుకంటే వడ్డీ కట్టకపోయినా, కడతానని ఒప్పుకున్నట్లే. నిజమైన అవసరం ఉండి, గడువు దాటనివ్వననే నమ్మకం ఉన్నవారికి షరతులతో అనుమతించిన ఉలమా కూడా ఉన్నారు. ఈ భేదాభిప్రాయాన్ని మేము దాచడం లేదు.

మరి పాయింట్ల మాటేమిటి? పాయింటే వడ్డీ అని మేము అనడం లేదు. అప్పిచ్చినవాడు అదనంగా పుచ్చుకునేది వడ్డీ; ఇక్కడ అప్పిచ్చినవాడే ఇస్తున్నాడు. కానీ ఆ ఇచ్చేది ఎక్కడి నుండి వస్తోంది? కొంత దుకాణదారుని నుండి తీసుకునే రుసుము. కార్డు సంస్థల రాబడిలో మరో పెద్ద వాటా, గడువుకు కట్టలేక వడ్డీలో చిక్కుకున్నవారిది. ఇంట్లో జబ్బు చేసి ఆసుపత్రి బిల్లు కార్డుపై గీకిన కంభం మేస్త్రీ కూడా వారిలో ఉండవచ్చు. మన జాగ్రత్తకు దక్కిన బహుమానంలో సాటివాని కష్టం కలిసి ఉందేమో అని అడగమంటుంది తఖ్వా.

అప్పు బాకీ ఉండి మరణించిన వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (స) ముందుకు రాలేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీ తన బాధ్యత అన్న తర్వాతే చేయించారు. అది వడ్డీ అప్పు అని కూడా హదీసులో లేదు. ఉత్త అప్పే అంత బరువైనది!

ఏం చేయాలి?

సొంత డబ్బుతో డెబిట్ కార్డో, యూపీఐయో వాడితే పని జరిగేటప్పుడు క్రెడిట్ కార్డు జోలికి పోకపోవడమే క్షేమం. ఉద్యోగరీత్యా తప్పనిసరి అయినవారు తమ ఆలిమ్‌ను సంప్రదించాలి. ఖాతాలో ఉన్నంతే ఖర్చు పెట్టాలి. మొత్తం బిల్లు దానంతటదే కట్టుబడేలా బ్యాంకుకు చెప్పి ఉంచాలి. కార్డుతో నగదు తీయరాదు. దానిపై మొదటి రోజు నుండే వడ్డీ నడుస్తుంది. దానితో బంగారం కొనరాదని కూడా ఆ అకాడమీ తీర్మానంలో ఉంది. పాయింట్ల కోసం అవసరం లేని వస్తువు కొనడం దుబారా.

ఇప్పటికే చిక్కుకున్నవారు ముందు కార్డు పక్కన పెట్టాలి. పరువు పోతుందని దాచక, ఇంట్లోవారికి చెప్పి బాకీ తీర్చుకోవాలి.

ఇక్కడ మేము కూడా జవాబుదారులమే. వడ్డీ హరామ్ అని మింబరుపై నుండి చెబుతాం. కానీ రాత్రివేళ ఆసుపత్రికి పదివేలు కావలసిన సోదరుడు మస్జిదు తలుపు తడితే ఏమిస్తున్నాం? ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వ్యవధి ఇవ్వాలని, మాఫీ చేస్తే మరీ మేలని సూరె బఖరా 280వ ఆయతు బోధిస్తోంది. దేవ్‌బంద్‌లో 1961లోనే ముస్లిం ఫండ్ మొదలైంది. మార్కాపురం, కంభం, గిద్దలూరు మస్జిదు కమిటీలు నెలకు కొంత కూడబెట్టి ఖర్జె హసన్ ఇవ్వలేవా?

ఆ యువకుడు అంతా విని, "కార్డు వాపసు ఇచ్చేస్తాను హజరత్. ఆ ఫండ్ మొదలుపెడితే నా పేరు ముందు రాయండి" అన్నాడు. ఇప్పుడు బాకీ మా వైపే ఉంది.

అల్లాహ్ మనందరినీ అప్పుల భారం నుండి కాపాడి, హలాల్ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక! ఆమీన్.