దిగనివ్వని చేయి

పదకొండేళ్ల కిందట నేనొక కథ రాసి, ఏ పత్రికకీ పంపకుండా అట్టే పెట్టుకున్నాను. అందులో మా పిన్ని రొయ్యల ఫ్యాక్టరీ సంపులోకి దిగి, స్పృహ తప్పిన తోటి పనివాణ్ణి భుజాన వేసుకుని పైకి తెస్తుంది. సంక్రాంతి సెలవుల్లో ఊరెళ్లినప్పుడు ఆ కథ పిన్నికి చదివి వినిపించాను. చివరిదాకా విని, "నాను దిగలేదు గదే" అంది. కథ కదా పిన్నీ, అన్నాను. "అయితే దిగినోల్ల కతే రాస్తారేటి? దిగనోల్ల కత ఎవులు రాస్తారు?" అంది.

అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. తోటి మనిషి ప్రాణం పోతుంటే ముందుగా అందుకునే చేయి ఎలా ఉండాలి అన్న ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. నాకు తెలిసినంతలో ఇప్పుడు దానికి జవాబు చెప్పుకునే ప్రయత్నం చేస్తున్నాను.

జరిగింది ఇది. శ్రీకాకుళం జిల్లా తీరాన ఒక ఫ్యాక్టరీలో పిన్ని రొయ్యలు వలిచే పనికి వెళ్లేది. తెల్లారకముందే మేస్త్రీ పంపిన వ్యాను ఊరి మొదట్లోకి వచ్చేది. పొద్దంతా ఐసు నీళ్లలో నానిన వేళ్లతో తలలు తీయడం, పొట్టు వలవడం. ఆ నీళ్లు, తలలు, పొట్టు కడిగిన మురికి అంతా పెరట్లో ఉన్న సంపులోకి పోయేవి. ఒక మధ్యాహ్నం మోటారు నీళ్లు లాగడం మానేసింది. దిగి చూడమని ఒకతనికి చెప్పారు. ఇనుప మెట్ల మీదుగా దిగాడు. అడుగుకి చేరకుండానే పడిపోయాడు. అది చూసి ఐసు గదిలో పనిచేసే కుర్రాడొకడు ఒక్క ఉదుటున దిగాడు. అతనూ పడిపోయాడు. మొదట పడినతని భార్య పిన్ని పక్కనే రొయ్యలు వలుస్తోంది. కేక విని పరిగెత్తుకొచ్చి సంపు అంచున కాలు పెట్టింది. పిన్ని ఆమె జడ దొరకబుచ్చుకుని వెనక్కి లాగి, కింద పడేసి, మీద కూర్చుంది. ఆమె కొరికింది, రక్కింది. పిన్ని వదల్లేదు.

ఇసుకలో పడవలు బాగుచేసుకుంటున్న జాలర్లు ఆ గోల విని వచ్చారు. వాళ్లు లోపలికి దిగలేదు. పడవ లంగరుని తాడుతో వదిలి, బట్టలకి కొక్కెం తగిలించి, పదిమందీ కలిసి లాగారు. పైన పడ్డ కుర్రాడు బతికాడు. అడుగున ఉన్నతను బతకలేదు.

అలాంటి సంపుల్లో ఏముంటుందో నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. కుళ్లిన రొయ్యల తలల నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అది గాలికంటే బరువైనది కాబట్టి అడుగున పేరుకుంటుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. ఎక్కువైతే వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. వాసన లేదు కదా అని దిగిన మనిషి రెండు మూడు శ్వాసల్లో కూలిపోవచ్చు. వెనక దిగేవాడికీ అదే గాలి. అతని ధైర్యం ఎంతటిదో ఆ వాయువుకి తెలియదు.

2017 మార్చి 30న పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు మండలంలో ఒక ఆక్వా ఫ్యాక్టరీలో ట్యాంకు శుభ్రం చేసే పనిలో ఐదుగురు చనిపోయారన్న వార్త చదివినప్పుడు నాకు పిన్ని చేతి మీద పంటిగాట్లు గుర్తొచ్చాయి. అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ 1986లో ఒక హెచ్చరిక ప్రచురించింది. ఇలాంటి మూసుకుపోయిన చోట్ల జరిగే మరణాల్లో 60 శాతానికి పైగా రక్షించబోయినవాళ్లవేనని అది చెప్పింది. మొదట పడినవాడి కంటే అతని కోసం దిగినవాళ్లే ఎక్కువమంది పోతున్నారన్నమాట.

ఆ సాయంత్రం ఊరు మూడు తీర్పులు చెప్పింది. రెండోసారి దిగిన కుర్రాణ్ణి "మగోడంటే ఆడే" అంది. భార్యని గురించి "పెనిమిటి ఎనకాలే ఎలిపోబోయింది, పతివ్రత" అంది. పిన్నిని గురించి మాత్రం గొంతు తగ్గించి, "మొగుడు సస్తంటే పెళ్లాన్ని ఎల్లనీకుండా పట్టీసింది" అంది. ముగ్గురిలో ఒక ప్రాణాన్ని కచ్చితంగా నిలబెట్టిన మనిషి పిన్ని ఒక్కతే. చెడ్డపేరు వచ్చిందీ ఆమెకే.

ఆ తీర్పుల వెనక ఉన్న విలువలు మనకి కొత్తవి కావు. మద్రాసు రాజధానిలో సహగమనాన్ని 1830లో నిషేధించారు. భర్త వెనక వెళ్లబోయిన ఆడదాన్ని మెచ్చుకునే నోటిని ఏ చట్టమూ నిషేధించలేకపోయింది. సాహిత్య విద్యార్థులం మనమూ తక్కువ తినలేదు. మా విజయనగరంలోనే గురజాడ పూర్ణమ్మని రాశాడు, కన్యకని రాశాడు. ఒకామె కొలనులో కలిసిపోయింది, ఇంకొకామె గుండంలో దూకింది. ముసలివాడికి పిల్లనమ్మిన తండ్రిమీద, కన్నేసిన రాజుమీద గురజాడ నేరం మోపాడు. మనం ఆ నేరాన్ని పక్కకి నెట్టి, దూకిన ఆడపిల్లని చూసి కళ్లు తుడుచుకోవడం అలవాటు చేసుకున్నాం. నా కథలో పిన్నిని సంపులోకి దింపింది ఆ అలవాటే.

తత్వశాస్త్రం వైపు వెళ్లినా నాకు తొందరగా సాయం దొరకలేదు. పీటర్ సింగర్ 1972లో రాసిన వ్యాసంలో ఒక ఉదాహరణ ఉంది. లోతులేని చెరువులో పసిపిల్ల మునిగిపోతోంది. దిగితే మన బట్టలకి బురద అంటుతుంది, అంతే. దిగి తీరాలి కదా, అంటాడు. కాదనేవాళ్లు ఎవరూ ఉండరు. కానీ ఆ ఉదాహరణ నిలబడ్డదంతా చెరువు లోతు లేకపోవడం మీదే. మన పనిస్థలాల్లో చెరువులు లోతైనవి, పైగా ఎంత లోతో పనివాళ్లకి ఎవరూ చెప్పరు. బట్టలకి బురద అంటడం దగ్గర పుట్టిన బాధ్యతని ప్రాణం ఇచ్చేయడం దాకా సాగదీసి, దాన్ని పనివాళ్ల నెత్తిన పెడుతున్నాం.

దిగినవాళ్లని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2015 నవంబరు 26న కోజికోడ్‌లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోల్‌లో పడిపోతే, నౌషాద్ అనే ఆటో డ్రైవరు వాళ్లకోసం దిగాడు. భాష వేరు, మతం వేరు, ముఖపరిచయం కూడా లేదు. ముగ్గురూ చనిపోయారు. కేరళ అతన్ని తలుచుకుంది, ప్రభుత్వం అతని భార్యకి ఉద్యోగం ప్రకటించింది. అది సబబే. అలాంటి మనిషి ముందు తల వంచుతాను. తల వంచాక ఎత్తి చూస్తే ఇంకో విషయం కనిపిస్తుంది. అతని త్యాగం గురించి మాట్లాడుకున్నంతగా ఆ ఇద్దరు తెలుగు కార్మికులు అక్కడ ఎందుకు దిగాల్సి వచ్చిందని మనం మాట్లాడుకోలేదు.

అందరూ పీల్చే గాలే పాడైపోయినప్పుడు పరిస్థితి వేరు. 2022లో జూన్ 3న, మళ్లీ ఆగస్టు 2న, అచ్యుతాపురం సెజ్‌లోని దుస్తుల కర్మాగారంలో విషవాయువు సోకి పెద్ద సంఖ్యలో మహిళా కార్మికులు అస్వస్థులయ్యారు. ఆగస్టులో వాళ్ల సంఖ్య వంద దాటింది. అలాంటి చోట పడిపోయిన మనిషిని పక్క మిషను మీది మనిషే ఎత్తుకుని బయటికి తేవాలి. అంబులెన్సు వచ్చేదాకా చున్నీతో విసిరేది, నీళ్లు పట్టేది, ఇంటికి ఫోను చేసేది ఆమే. పిన్ని పనిచేసిన చోటా ఎవరికి కళ్లు తిరిగినా అంతే జరిగేది. దాన్ని ఎవరూ సాహసం అనరు, "ఆడోల్లు ఒకల్నొకలు సూసుకున్నారు" అంటారు. మగవాడు చేస్తే వీరత్వం, ఆడది చేస్తే అలవాటు.

అందుకని ముందుగా స్పందించాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు. స్పందన అంటే ఏమిటన్నది నా ప్రశ్న. పిన్ని స్పందించింది. జడ పట్టుకుని లాగింది. జాలర్లు స్పందించారు. లంగరు వేశారు. వాళ్లలో ఏ ఒక్కరూ దిగలేదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చదువుతుంటే 36వ సెక్షన్ దగ్గర ఆగిపోయాను. విషవాయువు ఉండగల చోటికి మనిషిని పంపాలంటే లోపల ప్రమాదం లేదని పరీక్షించి రాతపూర్వకంగా ధ్రువపరచాలి. లేదా దిగే మనిషికి శ్వాస పరికరం ఉండాలి, నడుముకి బెల్టు, బెల్టుకి గట్టిగా కట్టిన తాడు ఉండాలి. ఆ తాడు రెండో కొసని బయట ఒక మనిషి పట్టుకుని ఉండాలి. బయట ఉన్న మనిషి పిరికివాడని చట్టం అనుకోలేదు. ఆ మనిషి లేకుండా దిగడమే తప్పంది. ఆ చట్టం స్థానంలో తెచ్చిన 2020 నాటి కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. చట్టం పేరు ఏదైనా, పిన్ని పనిచేసిన చోట ఆ రోజు తాడు లేదు. తాడు సముద్రం ఒడ్డున పడవలో ఉంది.

కరోల్ గిలిగన్ 1982లో 'ఇన్ ఎ డిఫరెంట్ వాయిస్' రాసినప్పుడు, స్త్రీలు నైతికతని హక్కుల లెక్కగా కాక సంబంధాలుగా, సంరక్షణగా ఆలోచిస్తారని చెప్పిందని మనం క్లాసుల్లో చెప్పుకుంటాం. ఆమె అంతటితో ఆగలేదు. తనను తాను తుడిచేసుకోవడమే మంచితనమనుకునే దశ ఒకటి ఉంటుందనీ, అది దాటాక మాత్రమే తానూ సంరక్షణకి అర్హురాలినేనని స్త్రీ గుర్తిస్తుందనీ చెప్పింది. సంపు అంచున పిన్ని చేసింది అదేనని నేను చాలాకాలం అనుకున్నాను. నా సిద్ధాంతానికి చక్కగా సరిపోయింది కూడా.

పోయినేడు పిన్నితో ఆ మాటే అన్నాను, పుస్తకం పేరు చెప్పకుండా. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: "నాకు బయమేసింది. అంతే. దాన్ని పట్టుకుని కూకుంటే నన్నెవులూ దిగమనరు గదా అనిపించింది. ఆ మాట ఎవులికీ సెప్పలేదు."

ఈ మాట రాయడానికి ఆమె ఒప్పుకుంది కాబట్టి రాస్తున్నాను. ఇది విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. ప్రాణం నిలబెట్టిన చేతిలో తన ప్రాణం మీది తీపి కూడా ఉంది. ఉంటే ఆ పని విలువ తగ్గుతుందా? తగ్గదని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ సంపు పక్క నుంచి నడిచినప్పుడల్లా వాళ్లకి కడుపులో తిప్పేది. కళ్లు మండుతున్నాయని మేస్త్రీకి చెప్పారు, ఎవరూ పట్టించుకోలేదు. ఏ శిక్షణా లేని చోట పిన్నికి అందిన ఒకే ఒక్క భద్రతా పాఠం ఆ భయం. ఆ కుర్రాడికి భయం లేదు. జాలర్లు రావడం ఇంకొంచెం ఆలస్యమైతే అతని భయంలేనితనం గురించి సంతాప సభలో మాట్లాడుకునేవాళ్లం.

అయినా ఒక్కటి మిగిలింది. పిన్ని లాగి పడేసిన ఆమె ఏడేళ్లు పిన్నితో మాట్లాడలేదు. ఒకే వ్యానులో వెళ్లేవాళ్లు, ఒకే బల్ల దగ్గర వలిచేవాళ్లు. ఆమెతో మాట్లాడే ధైర్యం నాకు మొన్న వేసవిలో వచ్చింది. ఆమె పేరు ఇక్కడ రాయను. గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కోపం పోయిందా అత్తా, అని అడిగాను.

"మీ పిన్ని మీద కోపమేటి? నన్ను పట్టుకుంది. పిల్లలకి తల్లి మిగిలింది. నన్ను పట్టుకోడానికి ఒక మనిసుంది." గింజలు చేటలో పోసింది. "ఆన్ని పట్టుకోడానికి ఎవులున్నారు? దిగేటప్పుడు నడుంకి తాడు కట్టినోడు లేడు. దిగొద్దన్నోడూ లేడు. అడిగితే ఆల్లని అడుగు."

నేను ఇన్నేళ్లూ అంచున నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లనే అడుగుతూ వచ్చాను. ఒకామెని ఎందుకు దిగబోయావని, ఇంకొకామెని ఎందుకు దిగలేదని. వాళ్లకి ఆలోచించుకోడానికి దొరికింది ఒక్క క్షణం. సంపు తవ్వించినవాళ్లకీ, మూత పెట్టించని వాళ్లకీ, తాడు కొననివాళ్లకీ నెలలూ ఏళ్లూ దొరికాయి. నీతి ప్రశ్న అడగాల్సింది ఆలోచించుకునే వ్యవధి ఉన్నవాళ్లనే కదా.

ఆ పాత కథని మళ్లీ రాయాలనుకుంటున్నాను. ఈసారి పిన్ని దిగదు. మొదటి వాక్యం పడవలో ఉన్న తాడు గురించి ఉంటుంది.