అడిగే హక్కు

మద్దికెరలో ఒకే బడిలో చదువుకున్న స్నేహితులు ఇద్దరుండేవారు. ఒకడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. ఇంకొకడు ఊళ్ళోనే ఎరువుల అంగడి పెట్టుకున్నాడు. ఓ విజయదశమికి గుర్రాల పందేలు చూడ్డానికి బెంగళూరువాడు ఊరికొచ్చాడు. జనంలో నిలబడి ఉండగా అన్నాడు:

"సంక్రాంతి అయినాక కెన్యాకు పోతున్నానురా. మూడు వారాలు ఆడి పిల్లలకు చదువు చెప్పాల. టికెట్టు, పంపే సంస్థోళ్ళ ఫీజు అంతా కలిపి 2 లక్షలైతాది."

"దుడ్లు కట్టి సేవ చేసేదేందిరా? మనూర్లో బీదోళ్ళు లేరా? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత!"

"ఉండారు. ఇన్నేండ్లు ఈడనే ఉండావు కదా, నువ్వేం చేసినావు వాళ్ళకు?"

అంగడివాడికి నోట మాట రాలేదు. ఆ మాట గుండెలో ముల్లులా ఉండిపోయింది.

సంక్రాంతి వెళ్ళగానే పిల్లలకు బ్యాగులు, నోటుపుస్తకాలు కొని బడికి పట్టుకుపోయాడు. శాలువా కప్పారు, ఫొటో తీశారు. అయ్యవారు రిజిస్టరు చూసి పేర్లు పిలిస్తే సగానికి సగం మంది పలకలేదు. మిగిలిన బ్యాగులు మోటారుసైకిలుకు కట్టుకుని, రాని పిల్లలుండే కాలనీకి వెళ్ళాడు. వరసగా ఇళ్ళకు తాళాలు. ఒక అరుగు మీద మాత్రం ముసలమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

"అవ్వా, పిల్లోండ్లు యాడుండారు?"

"సుగ్గికి పోయినారు నాయనా, గుంటూరు దిక్కు మిరపకాయలు కోయనీకి. ఈడ వానపంట ఎత్తినాక పనేముండాది? అమ్మానాయనా కోతకు పోతే చంటిదాన్ని ఎత్తుకోనీకి పెద్దపిల్ల ఉండాల కదా. మళ్ళా ఉగాదికే వచ్చేది."

"మరి ఈ బ్యాగులు?"

"ఆ మూలన పెట్టు. వచ్చే ఏడు సుగ్గికి పోయేటప్పుడు గుడ్డలు సర్దుకోనీకి పనికొస్తాయి."

అతడు అరుగు మీద కూలబడ్డాడు. కొనకముందు అడగాల్సిన మాట అప్పుడు అడిగాడు: "ఏం చేస్తే పిల్లోండ్లని ఈడనే ఇడ్సిపోతారవ్వా?"

"నాకు కండ్లు సరిగ్గా కానరావు. రాత్రిపూట ఇంత వండిపెట్టేటోళ్ళు, జరమొస్తే ఆస్పత్రికి ఎత్తుకపోయేటోళ్ళు ఉంటే నా కోడలు వాళ్ళనెందుకు ఎంటబెట్టుకపోతాది?"

అక్కడ కెన్యాలో బెంగళూరువాడు బడి గోడకు రంగు వేశాడు, పిల్లల చేత ఇంగ్లీషు అక్షరాలు పలికించాడు. వారం తిరిగేసరికి పెద్దయ్యవారు పక్కకు పిలిచి మర్యాదగానే చెప్పాడు: "మీకు ముందొచ్చినవాళ్ళూ అక్షరాలే నేర్పారు. మీ తర్వాత వచ్చేవాళ్ళూ అవే నేర్పుతారు. మా పిల్లలకు అవి బాగా వచ్చేశాయండీ." మరేం కావాలని అడిగితే, లెక్కలు చెప్పేవాళ్ళు లేరన్నాడు. చదువుకున్న అమ్మాయి ఆ ఊళ్ళోనే ఖాళీగా ఉందట, జీతమిచ్చే దిక్కు లేదట. తన విమానం టికెట్టుతో ఆమెకు ఎన్ని నెలల జీతం ఇవ్వొచ్చో ఆ రాత్రి లెక్కేసుకుంటే అతడికి నిద్ర పట్టలేదు.

మరుసటి సుగ్గి నాటికి అంగడివాడు తన ఇంటి వెనక రేకుల షెడ్డులో పిల్లలకు రాత్రి వంట పెట్టించాడు. ముసలమ్మ మనవలూ మనవరాళ్ళూ ఊళ్ళోనే ఆగారు. ఒకనాటి రాత్రి చిన్నవాడికి జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు గానీ, గుంటూరుకు ఫోన్ చేసింది తెల్లారాకే. "నిన్ను నమ్మి బిడ్డను ఇడ్సొస్తే ఇప్పుడా చెప్పేది?" అని తల్లి దులిపేసింది. బెంగళూరువాడు లెక్కల టీచరుకు నెలనెలా జీతం పంపుతున్నాడు. ఒక నెల ఆలస్యమైతే పెద్దయ్యవారే ఫోన్ చేసి నిలదీశాడు.

ఉగాదికి ఇద్దరూ అదే అరుగు మీద కలిశారు. మంచి చేసి మాటలు పడుతున్నామని వాపోయారు. ముసలమ్మ నవ్వింది.

"బ్యాగులు తెచ్చినప్పుడు నిన్నెవరూ ఏమీ అనల్యా. నీతో మాకేం పని అప్పుడు? ఇప్పుడు నువ్వు మావోనివి. మావోన్ని కాకపోతే ఎవర్ని అడుగుతాం నాయనా?"

నీతి: సాయానికి దూరాభారాలు మైళ్ళలో లెక్కకు రావు. తీసుకున్నవాడు ఇచ్చినవాణ్ణి నిలబెట్టి అడగగలిగితే అది దగ్గరి సాయం. అడగలేకపోతే పక్కింటివాడికి చేసినా దూరపు సాయమే.

ఈ నీతికి మన చుట్టుపక్కలే సాక్ష్యాలున్నాయి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టారు. సహకార సంఘంలో నేతగాడు సభ్యుడు. చెయ్యి చాచాల్సిన పని లేకుండా నూలు సంగతీ కూలి సంగతీ అడిగే హక్కు అతడికి ఉంటుంది. ఆ కృషికి 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయనది సొంత ఊరికి చేసిన సేవ. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో మన దేశానికి వచ్చారు. ఆ రోజుల్లో స్పెయిన్‌లోనూ పేదరికానికి కొదవలేదు. స్వదేశంలో బీదలు లేరా అని ఆయన్నూ అడగొచ్చు. మొదట పనిచేసిన మహారాష్ట్ర నుంచి వెళ్ళిపోవాల్సి వచ్చాక 1969లో అనంతపురం చేరారు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నడుపుతూ 2009లో కన్నుమూసేదాకా, నలభై ఏళ్ళు, అక్కడే ఉన్నారు. అన్నేళ్ళు ఒకే చోట ఉన్నవాణ్ణి పరాయివాడని ఎవరంటారు? బావి ఎప్పుడు తవ్విస్తావని అడగాలన్నా, ఇల్లు ఎందుకు ఆగిందని అడగాలన్నా మనిషి కళ్ళెదుటే ఉన్నాడు.

కాబట్టి విదేశానికి పోవాలా, ఊళ్ళో చేయాలా అని తేల్చుకునే ముందు ఇంకో సంగతి తేల్చుకోవాలి. ఫొటోలు తీసుకోవడం అయిపోయాక వాళ్ళు మళ్ళీ పిలిస్తే పలుకుతామా? పలికే ఓపిక ఉన్నవాడు కెన్యాకు నిశ్చింతగా వెళ్ళొచ్చు. మనలో చాలామందికి ఆ ఓపిక అంత దూరం చాలదు. అందుకే సొంత ఊళ్ళో, మన ఇల్లు తెలిసినవాళ్ళతో మొదలుపెట్టడం మేలు. పలక్కపోతే వాళ్ళే వచ్చి తలుపు తడతారు.