నవ్వులో వంతు

సోలాపురపు తూర్పుభాగమున మరమగ్గముల చప్పుడు ఆగిన పిమ్మటనే ఇండ్లలో మాట వినబడును. ఆ వేళ మన నేతవాడలలో అనేక కుటుంబములు టెలివిజను ముందు కూర్చుండును. తరములనాడు తెలంగాణము విడిచి వచ్చిన మనకు రెండు భాషల హాస్యము దొరకుట ఒక భాగ్యమే. 2013లో ఈటీవీలో ఆరంభమైన ‘జబర్దస్త్’ చూచి అవ్వ నవ్వును. 2014లో జీ మరాఠీలో ఆరంభమైన ‘చలా హవా యేవూ ద్యా’ చూచి మనుమరాలు నవ్వును. బీడీలు చుట్టుచున్న కోడలు రెండింటికిని నవ్వును.

నవ్వుట తగునా యని మేము అడుగుట లేదు. మనము ఎవరిని చూచి నవ్వుచున్నామో వారికి మనలను చూచి నవ్వు వీలు కలదా యనునదే మా ప్రశ్న. భరతుడు నాట్యశాస్త్రమున స్మితము మొదలు అతిహసితము వరకు ఆరు విధములైన నవ్వులను చెప్పెను. పండ్లు కనబడునా, తల ఊగునా, కంట నీరు తిరుగునా యని నవ్వువాని లక్షణములను బట్టి చేసిన విభాగమది. నవ్వబడువాని ముఖము ఎట్లుండునో ఆ ఆరింటిలో కానరాదు.

ఈ ప్రశ్న మాకు పుస్తకమునుండి పుట్టలేదు. ఒక నారళీ పున్నమనాడు, మార్కండేయస్వామి రథోత్సవము ముగిసిన రాత్రి, మా వాడలోని పడుచువాండ్రు ఒక ప్రహసనమాడిరి. టెలివిజనులో చూచిన తీరుననే జట్టు కట్టిరి. ఒకడు చీరయు కట్టెను. వారిలో ఒకడు మగ్గముల హోరులో చెవులు పోగొట్టుకొనిన ఒక ముసలి కార్మికుని వేషము వేసెను. ఆ మనిషి మా సందులోనివాడే. ఒకటి అడిగిన మరొకటి చెప్పుట, సగము తెలుగు సగము మరాఠీ కలిపి గట్టిగా అరచుట — అన్నియు అచ్చముగా చేసెను. సభ అంతయు పగలబడి నవ్వెను. మేమును నవ్వితిమి. ముందు వరుసలో కూర్చున్న ఆ వృద్ధుడును నవ్వెను.

ఆయనయే నవ్వెను గదా, ఇంక తప్పేమి యని పలువురనిరి. మాకును మొదట అట్లే తోచినది. కాని నలుగురు నవ్వుచుండగా నవ్వక కూర్చుండుట ఎంత కష్టమో మనకు తెలియనిదా? హైదరాబాదులోని చుట్టపుటింట మన తెలుగును, ఇచ్చటి కచేరీలలో మన మరాఠీని చూచి జనులు నవ్వినపుడు మనమును నవ్వియే ఊరకుంటిమి. ఆ నవ్వు సమ్మతి కాదు.

టెలివిజను జట్లను మరల శ్రద్ధగా చూచితిమి. ‘చలా హవా’లో నీలేశ్ సాబళే, భావూ కదమ్, కుశల్ బద్రికే, శ్రేయా బుగడే మొదలగువారు ఒకరినొకరు ఏడిపించుచునే యుండెడివారు, నేడు రాజైనవాడు మరునాడు చీర కట్టి తిట్లు తినెడివాడు. సాగర్ కారండే తపాలావాని వేషమున ఉత్తరము చదివినపుడు నవ్వినవారే కంట తడి పెట్టెడివారు. ‘జబర్దస్త్’లో సుడిగాలి సుధీర్ జట్టునకు నాయకుడుగా నుండెను, అయినను గెటప్ శ్రీను, ఆటో రాంప్రసాద్ ఎక్కువగా ఆడిపోసికొనినది ఆతనినే. ఆ ప్రహసనములన్నియు నిర్దోషములని మేమనము. లావుపాటి దేహమును, నల్లని మేనిని, ఆడుదాని నడకను పట్టి నవ్వించినవి రెంట కలవు. వేదికపై లేని వారికి అచ్చట వంతు లేదు. కాని జట్టులోని వారికి మాత్రము వంతు కలదు. మనవాండ్రు వేషములను నేర్చిరి గాని ఈ వంతును నేర్వలేదు.

మరునాడు ఆ వృద్ధుని ఇంటికి పోయి, మనసు నొచ్చినదా యని చెవి దగ్గర గట్టిగా అడిగితిమి. ఆయన చాలసేపు మా ముఖము చూచెను.

“పోరడు మంచిగనే చేసిండు బిడ్డా. మరి నాకెవ్వరి వేషమిస్తరు?”

మేము పరిహాసమనుకొంటిమి; కాదు. యువకులతో చెప్పగా వారు కొంత వెనుకాడి ఒప్పుకొనిరి. రాబోవు పున్నమకు ఆయనకొక వేషము కలదు: సభలలో చేయి ఊపుచు గంటలకొలది ఉపన్యసించు సంఘపు పెద్ద. ఆ పెద్ద ఎవరో వాడలో అందరికిని తెలియును. ఆయన అభ్యాసము కూడ ఆరంభించెనట. నాటినుండి మాట్లాడునపుడు మా కుడిచేతిని జేబులో ఉంచుకొనుచున్నాము.