ఖర్చుకు గెలుపు బాకీ పడుతుందా?

2023 ఆగస్టు 14వ తేదీన సౌదీ అరేబియా తూర్పు తీరంలోని దమ్మామ్ నగరంలో ఒక ఫుట్‌బాల్ ఆట జరిగింది. రాజధాని రియాద్‌కు చెందిన అల్ నస్ర్ జట్టుకు ఆ ఏటి లీగ్ పోటీలలో అది తొలి ఆట. అంతకు రెండు నెలల ముందే ఆ దేశపు ప్రభుత్వ పెట్టుబడుల నిధి అల్ నస్ర్‌తో కలిపి నాలుగు క్లబ్బులలో 75 శాతం వాటా తీసుకుంది. ఆ వేసవిలో ఐరోపా నుండి పేరుమోసిన ఆటగాళ్లు వరుసగా దిగారు. బేయర్న్ మ్యూనిక్ నుండి సాదియో మానే, ఇంటర్ మిలాన్ నుండి బ్రోజోవిచ్, మాంచెస్టర్ యునైటెడ్ నుండి అలెక్స్ తెల్లెస్ వచ్చారు. క్రిస్టియానో రొనాల్డో ఆ సంవత్సరారంభం నుండే ఆ జట్టులో ఉన్నాడు. దమ్మామ్‌లో ఆట మొదలైన నాలుగవ నిమిషంలోనే మానే గోల్ కొట్టాడు. కానీ విరామం తరువాత అల్ ఇత్తిఫాక్ జట్టు తరఫున 47వ నిమిషంలో క్వైసన్, 53వ నిమిషంలో దెంబెలే చెరొక గోల్ కొట్టారు. అల్ నస్ర్ 2-1 తేడాతో ఓడింది.

ధనవంతుడు గడపలోనే బోర్లాపడితే చూసేవారికి నవ్వు వస్తుంది. ఆ నవ్వులో కొంత న్యాయబుద్ధి ఉంది, కొంత అసూయ ఉంది. ఏది ఎంత పాలో నవ్వేవారు విచారించుకోరు. విచారించవలసిన సంగతులు ఈ ఆటలోనే ఉన్నాయి. రెండు రోజుల క్రితమే తాయిఫ్‌లో జరిగిన అరబ్ క్లబ్బుల కప్పు ఫైనల్‌లో అల్ హిలాల్‌పై రొనాల్డో రెండు గోల్స్ కొట్టి, కప్పు తెచ్చి, గాయపడ్డాడు. దమ్మామ్‌లో అతడు ఆడలేదు. ఇక గెలిచినవారు నిరుపేదలా? అప్పటి వారి శిక్షకుడు స్టీవెన్ జెరార్డ్. లివర్‌పూల్ సారథిగా ఉండిన జోర్డన్ హెండర్సన్‌ను వారూ డబ్బిచ్చే తెచ్చుకున్నారు. కనుక ఇది చీమ ఏనుగును పడగొట్టిన కథ కాదు. పెద్ద ఏనుగును కొంచెం చిన్న ఏనుగు తోసిన కథ.

అయినా ప్రశ్న మిగిలే ఉంది. అంత ఖర్చు చేసినవానికి గెలుపు బాకీ పడుతుందా? ఓడినప్పుడు "మాకు అన్యాయం జరిగింది" అనే హక్కు అతనికి ఉందా?

మహాభారతంలో ఈ ప్రశ్నను మొదట అడిగినవాడు దుర్యోధనుడని మా అభిప్రాయం. పదకొండు అక్షౌహిణుల సైన్యం అతనిది, పాండవులది ఏడే. ద్వారకకు వెళ్లి నారాయణ సేనను సంపాదించుకున్నాడు. సర్వసేనాధిపతిగా భీష్ముణ్ణి నిలిపాడు. రోజులు గడుస్తున్నా గెలుపు రాకపోయేసరికి, తాతగారు మనసుపెట్టి యుద్ధం చేయడం లేదని నిష్ఠూరమాడాడు. మా సాయంకాలపు తెలుగు తరగతిలో పిల్లలు భీష్ముని పక్షమే వహిస్తారు. మేము దుర్యోధనుని మాటను కూడా కొంత వినమంటాము. భీష్ముడు అతని ఉప్పు తిన్నవాడే. ఆ ఉప్పుకు యుద్ధం చేయడం బాకీ. పాండవులను మాత్రం చంపనని భీష్ముడు ముందే చెప్పాడు. చెప్పిన మేరకు పోరాడాడు, అంపశయ్యపై పడే వరకు పోరాడాడు. దుర్యోధనుడు శ్రమకు ధర కట్టి, ఫలితానికి రసీదు అడిగాడు.

ఈ భేదం మా వంశాలకు పుస్తకాలలో చదివి తెలిసినది కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో అనే ఓడ డర్బన్ రేవుకు చేరింది. దానిలోను, ఆ తరువాతి ఓడలలోను నటాల్ చెరకు తోటలకు వచ్చిన తెలుగువారి సంతానం మేము. అయిదేళ్ల ఒప్పందం, తొలి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం. ఒప్పందంలో ఉన్నది పని. కానీ యజమాని తాను మనిషినే కొన్నానని తలచాడు. పనికి రాని ఒక్క రోజుకు రెండు రోజుల కూలి కోసే పద్ధతి ఆ తోటలలో నడిచింది. కోట్ల జీతం తీసుకునే ఆటగానికీ చెరకు కొట్టిన మా పెద్దలకూ పోలిక లేదు, భూమ్యాకాశాల అంతరం ఉంది. అయినప్పటికీ "ఇంత పెట్టి కొన్నాము, ఓడిపోయాడు" అని ఎవరైనా ఒక మనిషిని గురించి అంటే, ఆ "కొన్నాము" అనే మాట దగ్గర మా చెవి ఆగుతుంది.

ఆ తరువాత అల్ నస్ర్ ఏమయిందో కూడా చెప్పాలి. ఆగస్టు 18న తమ మైదానంలోనే అల్ తావూన్ చేతిలో 2-0తో మళ్లీ ఓడింది. మూడవ ఆటలో రొనాల్డో మూడు, మానే రెండు గోల్స్ కొట్టగా అల్ ఫతేపై 5-0తో గెలిచింది. 34 ఆటలు ముగిసేసరికి రెండవ స్థానంలో నిలిచింది. ఒక్క ఆటా ఓడని అల్ హిలాల్ మొదటిది. దమ్మామ్‌లో గెలిచిన అల్ ఇత్తిఫాక్ ఆరవది. తొలి నాడు నవ్వినవారు చివరి పట్టికను చూశారో లేదో. రెండు ఆటలు ఓడినా ఇంకా ముప్పై రెండు మిగిలి ఉండడం సామాన్యమైన భాగ్యం కాదు.

ఈ మాట అనడానికి కారణం ఉంది. దమ్మామ్ అంటే తెలుగు ఇళ్లలో ఫుట్‌బాల్ గుర్తుకు రాదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప ప్రాంతాల నుండి కూలికి వెళ్లినవారు గుర్తుకు వస్తారు. వారిలో ఎందరో ఏజెంటుకు ఇవ్వడానికి అప్పు చేసి, పొలమో పుస్తెలో తాకట్టు పెట్టి విమానమెక్కినవారు. తమ స్థోమతకు మించి ఖర్చు చేసినవారని ఎవరినైనా అనవలసి వస్తే ముందు వారిని అనాలి. చెప్పిన పని ఒకటి, చేరాక ఇచ్చిన పని ఇంకొకటి అయితే అదీ తొలి నాటి ఓటమే. కానీ వడ్డీ మొదటి నెల నుండే నడుస్తుంది. వారి ఓటమిని చూసి నవ్వేవారు లేరు, దానిని లెక్కపెట్టేవారూ తక్కువే.

ఏడాది పని చేసిన తరువాత యజమాని అనుమతి లేకుండానే వేరే పనికి మారవచ్చునని 2021 మార్చిలో సౌదీ ప్రభుత్వం ఒక సవరణ తెచ్చింది. ఇళ్లలో పనిచేసేవారిని, డ్రైవర్లను, తోటమాలులను, పొలం పనివారిని మాత్రం అందులో చేర్చలేదు. హెండర్సన్ ఇత్తిఫాక్‌తో మూడేళ్ల ఒప్పందం చేసుకుని, ఆరు నెలలైనా నిండకముందే, 2024 జనవరిలో, ఆమ్‌స్టర్‌డామ్‌లోని అయాక్స్ జట్టుకు వెళ్లిపోయాడు.